మా మరిది గిటారు, నా వీణ తీగలు

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట మా అత్తగారు అన్నది కాదు. ఆవిడకు నాలో ఆ గుణం కనపడనే లేదు, పదిమందిలో నన్ను మంచిపిల్ల అనే చెప్పేవారు. నా సంగతి నాకు నేనుగా తెలుసుకున్నాను. చీరల మీదా నగల మీదా నాకు పెద్ద యావ ఉండేది కాదు. నా కుళ్ళంతా ఒక పాత కరెంటు గిటారు మీద, దాన్ని ఇంటికి తెచ్చిన మా మరిది మీద.

నాకు పంతొమ్మిది వందల అరవైల చివర్లో పెళ్ళయింది. పుట్టిల్లు రేపల్లె, అత్తిల్లు తెనాలి. పెళ్ళికి ముందు ఏడేళ్ళు వీణ నేర్చుకున్నాను. మా వీధి చివర ఒక మాస్టారు ఉండేవారు. అపస్వరం పడితే తిట్టేవారు కాదు, మొహం పక్కకు తిప్పుకునేవారు. ఆ మొహం ఇటు తిరిగి ఉండాలని ఏడేళ్ళూ తంటాలు పడ్డాను. ఇదంతా ఎందుకు నేర్పించారో పెళ్ళిచూపుల నాడు అర్థమైంది. చాప మీద కూర్చోబెట్టి, "ఏదన్నా వాయించమ్మా" అన్నారు. వాయించాను. మామగారు కళ్ళు మూసుకుని విన్నారు, అత్తగారు తలాడించారు, మా ఆయన నా వేళ్ళ వంకే చూస్తూ కూర్చున్నారు. సంబంధం కుదిరింది. దాంతో వీణ పని అయిపోయింది.

సారెతో పాటు వీణ కూడా రైలెక్కి తెనాలి వచ్చింది. నడిమింట్లో, దుగ్గిరాల నుంచి వచ్చిన పసుపు కొమ్ముల బస్తా పక్కన దానికి చోటు చూపించారు. మొదటి నెలలో రెండుసార్లు తీశాను. ఒకసారి, "మామయ్యగారు పడుకున్నారమ్మా" అన్నారు అత్తగారు. రెండోసారి, "వీధిలోకి వినపడుతోందమ్మాయ్, తలుపన్నా వేసుకో" అన్నారు. నన్నెవరూ వద్దనలేదు. వాయించడానికి సరైన వేళంటూ మాత్రం ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు. మూడో ఏటికల్లా వీణ అటకెక్కింది. వేళ్ళ కొసన ఏడేళ్ళు కష్టపడి కాయించుకున్న కాయలు మెత్తబడిపోయాయి.

మా ఆయనకు వీధి గదిలో రేడియో రిపేరు షాపు ఉండేది. పెళ్ళిళ్ళకు, నాటకాలకు మైకు సెట్లు అద్దెకిచ్చేవారు. నెమ్మదైన మనిషి. స్క్రూ కింద పడితే విసుక్కోకుండా, పాత స్పీకరు నుంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి నేల మీద లాగేవారు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వీణ ఎందుకు తీయడం లేదని అడగలేదన్న ఒక్క ఫిర్యాదు తప్ప.

మరిది బాపట్లలో ఒక ఆఫీసులో గుమాస్తా. అతని గది పక్కనే రైల్వే క్వార్టర్లు. అక్కడ ఒక ముసలి గార్డు ఉండేవాడట, వయసులో ఉండగా డాన్సుల్లో గిటారు వాయించినవాడు. సాయంత్రాలు అతని దగ్గర కూర్చుని మరిది ఆర్నెల్లు ఏదో నేర్చుకున్నాడు. గార్డు రిటైరై మద్రాసు పోతూ సామాను తగ్గించుకున్నప్పుడు, ఆ పాత గిటారు ఇతని చేతికొచ్చింది. ఒక ఆదివారం పొద్దున దాన్ని దుప్పట్లో చుట్టి బాపట్ల నుంచి రైల్లో తెనాలి తెచ్చాడు.

దుప్పటి విప్పగానే ఇంటిల్లిపాదీ చేరారు. ఎర్రగా ఉంది, అంచున సిగరెట్టు కాలిన మచ్చ ఉంది. వీణకున్నట్టు కుండ లేదు, బోలు లేదు, ఒక చెక్క పలక అంతే. నేను వీణ ముట్టుకుంటే నిద్రపట్టని మామగారు పడక్కుర్చీలో నిటారుగా కూర్చుని, "ఏదీ, ఒకటి వాయించరా" అన్నారు. అత్తగారు వంట వదిలేసి వచ్చి గడపలో నిలబడ్డారు.

"దీనికి గొంతు పోయింది నాన్నా. అన్నయ్య బాగుచేయాలి" అన్నాడు మరిది. తర్వాత నా వైపు తిరిగి, "శ్రుతి మాత్రం నువ్వే చేయాలి వదినా. మనింట్లో చెవి నీదేగా" అన్నాడు.

ఆ మాటకు నాకు సంతోషం కలగాలి. ఒళ్ళు మండింది. మూడేళ్ళు అక్కరలేని నా చెవి ఇప్పుడు వీడి గిటారుకు కావాల్సి వచ్చిందన్నమాట.

పని ఆ రోజే మొదలైంది. తీగల కింద ఒక నల్ల పెట్టె ఉంది, అందులో ఆరు అయస్కాంతపు మేకులు, వాటి చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ కాయిల్. తీగ కదిలితే అయస్కాంతం దగ్గర కరెంటు పుడుతుందని, దాన్ని ఆంప్లిఫైయరు పెద్దది చేస్తుందని మా ఆయన చెప్పారు. పెట్టెలోంచి వచ్చే వైరు ఒకటి ఊడిపోయి ఉంది. సోల్డరింగ్ పెట్టారు. వాల్యూమ్ తిప్పే గుండీ గరగరలాడుతుంటే విప్పి, పెట్రోలుతో కడిగారు. ఈ పనిలో నా ప్రమేయం ఏమీ లేదు, గుడ్డ అందించడం తప్ప.

ఆ తర్వాతది మాత్రం నా పనే. తీగలు మెడ మీద వరసగా ఉన్న మెట్లకు మరీ ఎత్తులో ఉన్నాయి, నొక్కితే వేలు తెగేట్టుంది. మెడ తేడాగా ఉందని నాకు చూడగానే తెలిసింది. మెడను పలకకు బిగించిన నాలుగు స్క్రూలు వదులయ్యాయి. అవి తీయించి, ఒక శుభలేఖ ముక్కను మడిచి మెడ కింద పెట్టించి, మళ్ళీ బిగింపించాను. తీగలు కిందికి దిగాయి. అప్పుడు ఒక మెట్టు దగ్గర జిరజిరమంది. వీణ మెట్టయితే మైనం మీద ఉంటుంది, వెచ్చజేసి సర్దుకోవచ్చు. ఇక్కడ చెక్కలోకి దిగ్గొట్టిన లోహపు మెట్లు. ఒక్కొక్క మెట్టు మీద వేలు పెట్టి, చెవి దగ్గర పెట్టుకుని, అయిదోది లేచిందని పట్టుకున్నాను. మా ఆయన గుడ్డ అడ్డం పెట్టి సుత్తితో నెమ్మదిగా తట్టి, పైన ఆకురాయితో రెండుసార్లు రుద్దారు. జిరజిర పోయింది.

"వదిన లేకపోతే ఈ పని అయ్యేది కాదు" అన్నాడు మరిది. నాకు గర్వంగా ఉంది. ఆ గర్వం కిందే మంట కూడా ఉంది.

ఇక తీగలు. ఉన్నవాటిలో సన్నవి మూడూ తెగిపోయాయి. లావువి మూడూ తెగలేదు గాని తుప్పు పట్టి నల్లగా ఉన్నాయి. గిటారు తీగలు తెనాలిలో ఎక్కడ దొరుకుతాయి? మద్రాసు నుంచి రావాలి. అప్పుడు నేనే అన్నాను, "నా వీణ తీగలు ఉన్నాయిగా" అని. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. బహుశా అటక మీది నుంచి వీణ సంచీ దింపడానికి నాకొక వంక దొరికింది. సన్నవాటికి ఉక్కు తీగలు కట్టాను, సారణికి పంచమానికి వాడేవి. లావువాటికి మంద్రం, అనుమంద్రం ఇత్తడి తీగలు కట్టాను. తుప్పు తీగలు మూడూ చుట్టచుట్టి పాత పౌడరు డబ్బాలో పడేశాను. మరిది ఒక్కొక్క స్వరం కూనిరాగంగా తీస్తుంటే శ్రుతి చేశాను. చేత్తో మీటితే ఆరూ పలికాయి. ఇత్తడి తీగలు నిండుగా, మా ఇంటి గొంతుతో పలికాయి.

ఆంప్లిఫైయరుకు తగిలించారు. సన్నవి మూడూ ఇల్లంతా మోగాయి. మామగారు చప్పట్లు కొట్టారు. లావు తీగ మీటితే మాత్రం ఏమీ లేదు. మూడింటికీ అంతే. చేతి కింద పలుకుతోంది, స్పీకర్లో రావడం లేదు.

మా ఆయన రెండు రోజులు కొట్టుకున్నారు. మరిది మళ్ళీ వచ్చిన ఆదివారం, "ఆ వైపు అయస్కాంతాలు మూడూ చచ్చిపోయినట్టున్నాయిరా. స్పీకర్లలో కూడా ఇట్టాగే అవుద్ది. మద్రాసు పంపాలి" అన్నారు. మరిది సర్దుకుపోయే మనిషి. "మూడున్నాయిగా అన్నయ్యా, వాటితో లాగించేస్తా" అని, బాపట్ల గదిలో కరెంటు సరిగ్గా ఉండదని గిటారును మా ఇంట్లోనే ఉంచి, ప్రతి ఆదివారం వచ్చి సాధన చేసుకునేవాడు.

మిగతా ఆరు రోజులూ అది నాకు దొరికింది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఒళ్ళో వీణలా పడుకోబెట్టుకునేదాన్ని. కరెంటు లేకపోతే దాని గొంతు పక్క గదికి కూడా వినపడదు. మా ఇంటికి సరిగ్గా అలాంటి వాయిద్యమే కావాలి, నాలాంటి దానికి సరిగ్గా అలాంటిదే ఇస్తారు. మూడు మధ్యాహ్నాల్లో, మరిది ఆర్నెల్లు నేర్చుకున్న పాటలు నా చేతికి వచ్చేశాయి. అతనికంటే బాగా వచ్చాయి. ఆదివారం అతను వచ్చి వాటినే తప్పులతో వాయిస్తుంటే, మామగారు "భేష్" అంటుంటే, నేను వంటింట్లో వంకాయలు తరుగుతూ ఒక్కొక్క తప్పూ లెక్కపెట్టుకునేదాన్ని.

అంతలో రేపల్లెలో మా పిన్ని కూతురి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి మైకు సెట్టు మా ఆయనది. పెళ్ళి మర్నాడు సాయంత్రం విందులో మరిది గిటారు వాయించాలని మామగారే ఏర్పాటు చేశారు. "మీ మాస్టారిని కూడా పిలవమ్మా. మావాడి వాయింపు వింటారు" అన్నారు నాతో.

మా ఊళ్ళో, మా మాస్టారి ముందు, నేను పుట్టి పెరిగిన వీధిలో, ఆర్నెల్ల విద్యతో ఇతను. సిగ్గు విడిచి అత్తగారిని అడిగాను. "నేను కూడా ఒక కీర్తన వాయించనాండీ? మా చెల్లెలి పెళ్ళేగా."

ఆవిడ కోప్పడలేదు. నవ్వారు. "పెళ్ళయినదానివి, మైకు ముందు కూర్చుంటావేంటమ్మాయ్? నీకు లోపల బోలెడు పనుంటది" అన్నారు.

అది శుక్రవారం పొద్దున. కాసేపటికే అత్తగారి పాదంలో ఏదో గుచ్చుకుంది. చూస్తే తీగ ముక్క. తీగలు కట్టినప్పుడు కత్తిరించిన కొసలు నాపరాళ్ళ సందుల్లో ఇంకా ఉన్నాయి. మా ఆయన వాడే అయస్కాంతాన్ని నేనే తీసుకుని నేలంతా లాగాను. ఉక్కు ముక్కలన్నీ వచ్చి అంటుకున్నాయి. పచ్చటి ఇత్తడి ముక్కలు కదల్లేదు. అయస్కాంతం తీసుకెళ్ళి వాటి నెత్తిన పెట్టాను, అయినా కదల్లేదు.

వాటిని ఊడ్చడానికి తెచ్చిన చీపురు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. అయస్కాంతాలు చావలేదు. నా ఇత్తడి తీగలే వాటికి అంటవు. మీటింది ఇత్తడి అయినప్పుడు ఆ నల్ల పెట్టెకు వినపడదు. లేచి పౌడరు డబ్బా తీసి, తుప్పు తీగల దగ్గర అయస్కాంతం పెట్టాను. మూడూ ఒక్క ఉదుటున అంటుకున్నాయి. గుడ్డ కిరసనాయిల్లో ముంచి ఒక తీగను జానెడు మేర తుడిచాను. తుప్పు కింద తళతళలాడుతోంది. కడిగి కట్టడానికి అరగంట పని.

మా ఆయన రెండడుగుల దూరంలో రేడియో విప్పుకుని కూర్చున్నారు. "ఏమండీ" అని పిలిచాను కూడా.

"ఏంటి?" అన్నారు తలెత్తకుండా.

"కాఫీ తాగుతారా?" అన్నాను.

తీగలు మళ్ళీ చుట్టచుట్టి డబ్బాలో పెట్టి మూత బిగించాను. తెలియక చేసింది కాదు, మర్చిపోయిందీ కాదు. నేను అరచేతి వెడల్పు చోటు కూడా పొందలేని పందిట్లో, అతను ఆరు తీగలతో వాయించడం నేను చూడలేకపోయాను. నా వీణ మూగగా ఉన్నప్పుడు అతని గిటారు సగం మూగగా ఉంటే ఏమైందనుకున్నాను.

రేపల్లె వెళ్ళాం. విందు సాయంత్రం ఎండ తగ్గగానే మరిది పందిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మాస్టారు ముందు వరసలో ఉన్నారు. నేను వంటపందిరి గుంజ పక్క నుంచి చూస్తున్నాను. మొదట్లో బాగానే ఉంది, మూడు తీగల మీదే జాగ్రత్తగా నడిచాడు. జనం మెచ్చుకునేసరికి ఉత్సాహం పుట్టి చెయ్యి అలవాటు కొద్దీ లావు తీగల మీదికి పోయింది. పాట అక్కడ మాయమైంది. చెయ్యి కదులుతోంది, శబ్దం లేదు. మళ్ళీ సన్న తీగల మీదికి వస్తే పలికింది, అటు వెళ్తే పోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత పందిరంతా నవ్వింది. మాస్టారు మొహం పక్కకు తిప్పుకున్నారు.

నాకు ఆ క్షణం హాయిగా అనిపించింది. దాచుకోను. కడుపులో చల్లగా ఉంది.

మా పిన్నిగారి అబ్బాయిలకు బావగారిని ఆటపట్టించడమంటే మహా సరదా, పెళ్ళిలో అది వాళ్ళ హక్కు కూడా. మైకు సెట్టు దగ్గరున్న మా ఆయన చుట్టూ మూగారు. "ఏంటి బావగారూ, రేడియోలు బాగుచేస్తారని మా అక్కనిస్తే, గిటారుకు సగం గొంతే ఇచ్చారేంటండి?" అన్నాడు ఒకడు. "మిగతా సగం తెనాల్లో మర్చిపోయారేమోలే" అన్నాడు ఇంకొకడు. మా బాబాయి కూడా నవ్వారు. ఆయన నవ్వుతున్నట్టే మొహం పెట్టి, తల వంచుకుని వైరు చుట్టుకుంటున్నారు. ఒకసారి చుట్టిన వైరు విప్పి, మళ్ళీ చుట్టారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నా కడుపులో చల్లదనం అక్కడితో సరి.

నేను చేసింది మరిదికని చేశాను. పడింది మా ఆయన మీద, అదీ మా వాళ్ళ నోటి నుంచి.

కాసేపటికి మరిది వంటపందిరి వెనక్కి వచ్చాడు. నా మీద అనుమానమేమో అనుకున్నాను. మంచినీళ్ళడిగి తాగాడు. "నీ తీగల్లో ఏ లోపం లేదు వదినా. చేత్తో మీటితే ఎంత బాగా పలుకుతున్నాయో! నువ్వు నీ వీణవి తీసిచ్చావు, నేనే నిలబెట్టుకోలేకపోయా. అన్నయ్యని కూడా నలుగురిలో చిన్నబుచ్చా" అన్నాడు. అతను నన్ను నాలుగు తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

పెళ్ళిలో పాటలు పాడటానికి వచ్చిన రేపల్లె ఆర్కెస్ట్రా పెద్దమనిషి గిటారు వంక ఆశగా చూస్తుంటే, "వీలైతే బాగుచేయించుకోండి బాబాయ్, మీరే వాడుకోండి" అని ఆ రాత్రే అతనికి ఇచ్చేశాడు మరిది. నేను అడ్డుపడి ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. తిరుగు రైల్లో తెనాలి వచ్చేదాకా ఆ మాట నోట్లోనే ఉంది. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. చెప్పాలంటే శుక్రవారం సంగతి, కాఫీ సంగతి అన్నీ చెప్పాలి. చెప్పలేదు.

మరిది మళ్ళీ ఏ వాయిద్యమూ ముట్టుకోలేదు. ఆదివారాలు బాపట్ల నుంచి రావడం కూడా తగ్గించాడు. మధ్యాహ్నాలు నాకు ఒళ్ళో పెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆ గిటారు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దాని మీద కుళ్ళుకున్నాను, పోయాక అది దొరికిన వాళ్ళ మీద కుళ్ళుకున్నాను.

మరుసటి ఏడు తెనాలిలో శ్రీరామనవమి పందిట్లో రేపల్లె ఆర్కెస్ట్రా పెట్టారు. మైకు సెట్టు మాదే. ఆడవాళ్ళ చాపల మీద కూర్చుని ఉన్నాను. పాట మొదట్లోనే కింది స్వరాలు బరువుగా, గుండెల మీద కొట్టినట్టు మోగాయి. తలెత్తి చూశాను. ఎర్ర గిటారు, అంచున సిగరెట్టు మచ్చ. ఆరు తీగలూ పలుకుతున్నాయి, అదీ మా ఆయన స్పీకర్లలో.

పాటల మధ్య మా ఆయన జనంలోంచి నా దగ్గరికి వచ్చి పక్కనే గొంతుక్కూర్చున్నారు. మొహం వెలిగిపోతోంది. ఆయనకు కుళ్ళు లేదు, అదే ఆయనలో నాకు సహించరానిది.

"విన్నావా? అది మన గిటారే! పెట్టె విప్పనే లేదంట. వాళ్ళ ఊళ్ళో ఎవరో మెకానిక్కు తీగలు చూడగానే చెప్పేశాడంట, ఇత్తడి అయస్కాంతానికి అంటదు, శబ్దం ఎట్టా వస్తదని. ఇనప తీగలేశారు, అంతే. ఎంత బుర్రో చూడు అతనిది! ఇన్నేళ్ళు అయస్కాంతాలతో కాపురం చేసి నాకు తట్టలేదు."

నాకు తెలియని, నేనెప్పుడూ చూడని ఆ మెకానిక్కు మీద నాకు పుట్టిన కుళ్ళు ముందెప్పుడూ, ఎవరి మీదా పుట్టలేదు. అతనికంటే ముందు కనిపెట్టింది నేను. చీపురు చేతిలో పట్టుకుని, ఎవరూ చెప్పకుండా కనిపెట్టాను. ఆ మెచ్చుకోలు నాది. మా ఆయన కళ్ళలో ఆ వెలుగు, పెళ్ళిచూపుల నాటి తర్వాత నేను చూడని వెలుగు, నాకు రావాల్సింది. నాదేనని చెప్పి తీసుకోవడానికి నోరు తెరిచాను.

ఆయన నా మొహం చూసి ఇంకోలా అర్థం చేసుకున్నారు. చెయ్యి మీద చెయ్యి వేసి, "అయ్యో, తీగలు నేనే ఇచ్చానని బాధపడుతున్నావా? పిచ్చిదానా, ఈ అయస్కాంతాల సంగతులన్నీ నీకెట్టా తెలుస్తయ్యి?" అన్నారు.

"నాకెలా తెలుస్తుందండీ" అన్నాను.